అలసట దాచిన మాస్టారు

వటాము సముద్రతీరంలోని అతిథిగృహంలో బరాసా మాస్టారు మందాజీ అనే నూనెలో వేయించిన తీపిరొట్టె ముక్కను టీలో ముంచి, తినకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పిక్కలు పట్టేశాయి. రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

"నాన్నా, ఇవాళ్టికి మానేద్దామా? వచ్చిన దగ్గర్నుంచి రోజుకు మూడేసి సార్లు సముద్రంలో మునుగుతున్నావు. అది చాలదన్నట్టు సాయంత్రం ఒడ్డున పరుగొకటి!" అంది కూతురు నెకేసా.

"ముప్పై ఏళ్లు పిల్లల్ని పరిగెత్తించినవాణ్ణే! నాకేమవుతుంది?"

కిటాలే ఊరి బడిలో ఆయన వ్యాయామం నేర్పే మాస్టారు. యాభై దాటాక పట్టుబట్టి గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం నేర్చుకున్నాడు. ఏడాదంతా ఎదురుచూసిన సెలవుల్లో ఒక్క పూట వదులుకోవడానికీ ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

పడవ దగ్గర గైడు మ్వానాకోంబో రోజూలాగే అడిగింది. "నిద్ర పట్టిందా మాస్టారూ? నీళ్లు బాగా తాగారా? ఒంట్లో నలతగా ఏమన్నా ఉందా?"

పక్కనే పాతికేళ్ల జంట ఒకటి హుషారుగా సిలిండర్లు తగిలించుకుంటోంది. వాళ్ల ముందు అలసిపోయానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"గుండ్రాయిలా ఉన్నానమ్మా!" అన్నాడు.

చదువరులారా, మనలో ఎంతమందిమి ఇలాంటి జవాబు చెప్పలేదు? నలుగురిలో చులకనవుతామని ఒళ్లు చెప్పే మాట పెడచెవిన పెడతాం. భూమ్మీదైతే కూలబడి సేదదీరవచ్చు. నీటి అడుగున ఆ వీలుండదు.

పద్దెనిమిది మీటర్ల లోతున ప్రవాహం ఎదురు తిరిగింది. నెమ్మదిగా రమ్మని మ్వానాకోంబో చేత్తో సైగ చేసింది. అంతలో ఒక తాబేలు పక్కనుంచి సాగిపోయింది. మాస్టారు బలమంతా కాళ్లలోకి తెచ్చుకుని దాని వెంటపడ్డాడు. పది బారలు పోయాడో లేదో, ఊపిరి అందలేదు. ఎంత పీల్చినా చాలడం లేదు. గుండె దడదడలాడింది. పైకి పోవాలి, ఇప్పుడే పోవాలి! వెర్రిగా కాళ్లు కొట్టసాగాడు.

అంత లోతు నుంచి ఒక్క ఉదుటున పైకి లేస్తే ప్రాణానికే ముప్పు. మ్వానాకోంబో చేయి ఆయన భుజం పట్టీని గట్టిగా బిగించి పట్టుకుంది. ప్రవాహం సోకని రాతి చాటుకు లాగి, కళ్లలోకి చూస్తూ, నిదానంగా ఊపిరి వదలమని సైగ చేసింది. తండ్రి వెనకే నీళ్లలో దిగిన నెకేసా వచ్చి ఆయన చేయి పట్టుకుంది. ఒక్కో ఊపిరికీ గుండె కాస్త కాస్త కుదుటపడింది. ముగ్గురూ మెల్లగా లేచి, నీటి పైమట్టానికి కాస్త కింద కొన్ని నిమిషాలు ఆగి, వెలుగులోకి వచ్చారు.

ఆసుపత్రిలో డాక్టరు అన్నీ పరీక్షించి, "గండం తప్పింది. నీళ్లు తాగి పడుకోండి," అన్నాడు. నెకేసా తండ్రి భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"నా మీద కోపం రాలేదా అమ్మా?" అని తమ వెంట వచ్చిన మ్వానాకోంబోను అడిగాడు మాస్టారు.

"కింద ఉన్నప్పుడు రాలేదు. పడవెక్కాక వచ్చింది," అందామె. "పొద్దున నేనడిగింది మర్యాదకనుకున్నారా? అలసిపోయానని ఒక్క ముక్క అంటే నీడన కూర్చోబెట్టేదాన్ని కదా! మా నాన్న చేపలు పట్టేవాడు. ఒంట్లో బాగోకపోతే పడవ తీసేవాడు కాదు. ఎవరన్నా ఎగతాళి చేస్తే, 'సముద్రం రేపూ ఉంటుందిరా, నేనుండొద్దూ?' అనేవాడు."

మర్నాడు పడవ దగ్గర ఆమె మళ్లీ అవే ప్రశ్నలు వేసింది. మాస్టారు అందరికీ వినబడేలా, "ఒళ్లంతా నొప్పులమ్మా. ఇవాళ నేను రాను," అన్నాడు.

సిలిండరు ఎత్తబోతున్న ఆ పాతికేళ్ల జంటలోని కుర్రాడు ఆగిపోయాడు. "నాకూ... నిన్నట్నుంచి జలుబు. చెవులు దిబ్బడేశాయి. చెప్పడానికి సిగ్గేసింది," అని నసిగాడు.

"సిలిండరు అక్కడ పెట్టు నాయనా," అన్నాడు మాస్టారు, నీడన కూర్చుని తన పక్కన చోటిస్తూ. "సెలవులకు వచ్చేది ఒంటికి సుఖమివ్వడానికే గాని, ఒంటితో పందెం వెయ్యడానికి కాదు."