అతని వంతు నిద్ర

పొద్దున్న ఏడున్నరకి తేజేశ్వర్‌కి లంచ్ బాక్స్ సర్ది పంపించాక ఉమ మళ్లీ మంచం ఎక్కేది. అప్పుడు ఆమె పోయేది అతని వంతు నిద్ర. ఏడు గంటలు. తన నిద్ర రాత్రి ఎలాగూ ఉంది.

అమెరికాలో ఆష్‌బర్న్ వచ్చిన కొత్తలో మొదలైందిది. అతనికి పగలు క్లయింట్ ఆఫీసు, రాత్రంతా హైదరాబాద్ టీమ్‌తో కాల్స్. డిపెండెంట్ వీసా మీద ఆమె ఉద్యోగం చేయకూడదు. "ఊరికే ఉంటావుగా, నా వంతు కూడా కానిచ్చెయ్," అన్నాడు. కానిచ్చింది. ఇక్కడ ఆమె పడుకుంటే అక్కడ ఆఫీసులో అతని కళ్లు తేటపడేవి.

"మా ఆవిడైతే నా వంతు మూడు గంటలు పడుకోగానే లేచేస్తుంది బాస్. నువ్వు లక్కీ," అనేవాడు ఆఫీసులో వినీత్.

సరిగ్గా మూడేళ్లు నిండాక, మెట్లెక్కుతూ తేజేశ్వర్ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

గుండె డాక్టరు కనకదుర్గ గారిది గుంటూరు. రిపోర్టులు చూసి, "బీపీ నూట డెబ్బై. ముప్పై నాలుగేళ్లకే గుండె కండరం మందమైంది. ఎంతసేపు నిద్రపోతారు?" అన్నారు.

"ఏడు గంటలండీ. నా బదులు ఉమ పడుకుంటుంది."

"అందుకే తల బాగుంది. గుండె మాత్రం తన ఒంటి నిద్రే లెక్కేసుకుంటుంది బాబూ."

"ఇంకో రెండు గంటలు పెంచితే?"

"ఆవిడ గుండె బాగుంటుంది. సెలవు పెట్టి మీరే పడుకోండి. ఇలా అయితే మీ గుండె ఏడాది లాగదు."

ఉమ చదివింది స్టాటిస్టిక్స్. కారులో కూర్చుని లెక్క కట్టింది. మూడేళ్లకి ఏడు వేల ఆరు వందల అరవై అయిదు గంటలు. మూడు వందల పందొమ్మిది రోజులు. తన ఆయుష్షులోంచి పోయాయి, అతని గుండెకి ఒక్కటీ చేరలేదు.

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్న పదింటికి అతను పడుకున్నాడు. వంటింట్లో బీరకాయ తరుగుతున్న ఉమకి కళ్లు మూతలు పడ్డాయి. మొహం కడుక్కుంది, కాఫీ తాగింది, మంచులో ఉత్తకాళ్లతో నడిచొచ్చింది. మూడేళ్లుగా ఆమె దారే అలవాటైన అతని నిద్ర ఆమెని వదల్లేదు.

"నాకు రావట్లేదు ఉమా," అన్నాడు గదిలోంచి. "నీకే వస్తోందా?"

"ఆపుతున్నాను."

"ఇలా వచ్చి ఏదైనా మాట్లాడుతూ ఉండు."

పక్కన కూర్చుని, ఆ మూడు వందల పందొమ్మిది రోజుల్లో ఏమేం చేసేదో చెప్పడం మొదలుపెట్టింది. పీహెచ్‌డీ. డ్రైవింగ్. పక్కింటి మీనా వాళ్ల పిల్లలకి లెక్కలు. అతను మొదటిసారి వింటున్నాడు. డ్రైవింగ్ నేర్చుకుంటే ముందు ఎక్కడికి వెళ్లేదో చెబుతుండగా ఆమె తల అతని ఛాతీ మీద వాలిపోయింది. చెవి కింద అతని గుండె గతి తప్పి కొట్టుకుంటోంది.

"పడుకోకు ఉమా, ప్లీజ్," అంటున్నాడు.

వినిపించింది. లేచాక జవాబు చెబుదామనుకుంది.