లీలండ్ ఎంచుకున్న సంచి

ఇసుక మూట వేసి చూసుకోమని పెళ్లాం నడీన్ చెప్పింది. దుకాణంలో సంచులమ్మే అమ్మాయీ చెప్పింది. లీలండ్ వింటేగా!

వేటసామాను అమ్మే మా ఊరి దుకాణంలో అదొక పద్ధతి. నచ్చిన వీపుసంచిలో ఇసుక మూట పెట్టి ఇస్తారు. నేల మీద కూర్చుని పట్టీలు బిగించుకుని, ఒక మోకాలి మీదికొచ్చి, అక్కణ్ణుంచి లేవాలి. లేవలేకపోతే మర్యాదగా ఇంకాస్త చిన్నది చూపిస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు బూట్లు చూస్తున్నట్టు నటిస్తూ ఓరకంట ఇటే చూస్తుంటారు. లీలండ్ భయమంతా ఆ చూపులకే. వసంతకాలంలో అతని వెన్నుకి ఆపరేషన్ అయింది. బూటు తాడు ఇప్పటికీ నడీనే కడుతోంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఊళ్లోవాళ్లకి తెలియనిదల్లా అతనికి సానుభూతి చెప్పడమెలాగన్నదే.

“ఇది చూడు లీ,” అంటూ నడీన్ ఓ చిన్న సంచి తీసింది. “పొద్దున వెళ్లి సాయంత్రానికి దిగిపోయేవాళ్లం మనం. నీళ్లూ తిండీ కోటూ పడతాయి. కావాలంటే కొట్టిన దుప్పి జబ్బ కూడా ఒకటి పడుతుంది.”

“అది పళ్లేరుకునేవాళ్ల సంచే. మరి వెనక తొడ ఎవరు మోస్తారు? అలాస్కా నించి మీ అన్నయ్యొస్తాడా?”

“నేను లేనూ?”

“నువ్వా! మా నాన్న డొక్కు చట్రం వేసుకునా!” అని నవ్వి, గోడకి తగిలించిన వాటన్నిటిలోకీ పెద్దది దింపించాడు. అందులో దూడను పెట్టొచ్చు. అమ్మాయి ఇసుక మూట తేబోతే, “నువ్వు పుట్టకముందు నించీ మోస్తున్నానమ్మా, నాకెందుకివన్నీ,” అని ఖాళీ సంచి భుజానేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. ఖాళీ సంచి ఎవరికైనా బాగానే ఉంటుంది.

ఆ డొక్కు చట్రం గురించి చెప్పాలి. అది లీలండ్ తండ్రి ఆర్విడ్‌ది. మాంసం కట్టి వీపున మోసుకోవడానికి అల్యూమినియం గొట్టాలతో చేసింది. నడుం పట్టీ తెగిపోతే, ముసలాయన పాడుబడ్డ ట్రక్కు సీటుబెల్టు కోసి కుట్టుకున్నాడు. దాంతో నలభై ఏళ్లు మాంసం దింపాడు. ఆఖరిసారి వేటకొచ్చినప్పుడు, ఎల్క్ దుప్పిని కొట్టింది ఆయనే అయినా చట్రం ఎత్తుకోలేకపోయాడు. గుండెకాయ ఒక్కటీ చిన్న కాన్వాసు సంచిలో వేసుకుని, కర్ర పోటేసుకుంటూ దిగాడు. తొడలన్నీ మోసిన లీలండ్ కింద ట్రక్కుల దగ్గర నలుగురూ వింటుండగా, “మోయలేనప్పుడు కాల్చడం దేనికి నాన్నా?” అన్నాడు. మరుసటి ఏడు ముసలాయన తుపాకీ కొడుక్కిచ్చి, చట్రం కోడలికిచ్చి, ఇంట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు అదే మాట లీలండ్ మెడకి చుట్టుకుంది. ఈసారి తన వంతు మోయలేకపోతే తుపాకీ తనూ దించెయ్యాల్సిందే. వేరే ఎవరో పెట్టిన నియమం కాదు కదా, తప్పించుకోవడానికి.

సీజను మొదలైన వారంలోనే, మంచు కురిసి వెలిసిన ఓ ఉదయం, దేవదారు చెట్ల అంచున ఎల్క్ కనిపించింది. లీలండ్ ఒక్క గుండుతో పడగొట్టాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి దాని తోలు ఒలిచి, తొడలూ జబ్బలూ విడదీసి, పలచటి గుడ్డసంచుల్లో కట్టారు. పనితో ఒళ్లు వేడెక్కి, లీలండ్ చలికోటు విప్పి నడీన్ చేతికిచ్చాడు.

“నా దాంట్లో వెనక తొడ పెట్టు. ఎముకతో సహా,” అన్నాడు. “మిగతాది ఎలుగ్గొడ్లకి అందకుండా చెట్టుకి కట్టొస్తా.”

“సరే,” అంది నడీన్.

అతను తాడు పట్టుకుని చెట్టు దాకా వెళ్లి వచ్చేసరికి, కొత్త సంచి ఉబ్బి, పట్టీలు బిగించి, బండకి ఆనించి సిద్ధంగా ఉంది. నడీన్ మామగారి చట్రం అప్పటికే వీపుకెత్తుకుని నిలబడింది. లీలండ్ కూర్చున్నాడు, పట్టీలు బిగించాడు, కళ్లు మూసుకుని మోకాలి మీదికొచ్చాడు. లేచాడు. నడుం కలుక్కుమనలేదు. అతని మొహం చూడాలి అప్పుడు!

“ఏదీ, చెప్పానా! పనితనమంటే ఇదీ. వీపు మీద తొడ ఉన్నట్టే లేదు.”

“మంచిది. చూసి దిగు, జారుతోంది.”

దారి పొడుగునా అతని నోరు ఊరుకోలేదు. బరువు తుంటి మీదికెలా దిగుతుందో, కొత్త సంచుల్లో కమ్ములెలా వంగుతాయో ఉపన్యాసమిచ్చాడు. నడీన్ వెనకబడింది. వాగు దాటాక ఓ దుంగ మీద కూలబడింది. లేవడానికి పక్కనున్న మొక్క పట్టుకుంటే అది వేళ్లతో సహా ఊడొచ్చింది. లీలండ్ నడుం మీద చేతులేసుకుని చూస్తూ నిలబడ్డాడు.

“ఆ డొక్కు అవతల పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను నడీన్? ఓ ముందు జబ్బకే ఇలా అయిపోతే ఎలా?”

ఆమె దుంగ పట్టుకుని లేచి నడక సాగించింది. మాట్లాడటానికి ఊపిరి ఉండాలిగా.

కింద ట్రక్కుల దగ్గర వాళ్ల పక్కింటి గ్రాడీ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాడు. అతనికీ అతని కొడుక్కీ ఆ రోజు ఏమీ దొరకలేదు. లీలండ్‌ని చూడగానే ఎదురొచ్చాడు.

“ఏమోయ్, కొట్టేశావే! వీపు మీద ఏంటది?”

“వెనక తొడ. ఎముకతో సహా,” అన్నాడు లీలండ్, గట్టిగా. “ఆ వచ్చేది మా ఆవిడ, జబ్బ తెస్తోంది. పాపం, పొద్దుగూకేలోపు వస్తే గొప్పే.”

గ్రాడీ నవ్వి, సాయానికని నడీన్ దగ్గరికెళ్లాడు. ఆమె పట్టీలు వదులు చేయగానే చట్రం అందుకున్నాడు. అందుకుని, దాంతోపాటే నేల మీదికి వంగిపోయాడు.

“అబ్బో! ఏం పెట్టావమ్మా ఇందులో, ఇంజనా?”

కొడుకు ఓ పక్క పడితే గానీ అది ట్రక్కు మీదికెక్కలేదు. తర్వాత గ్రాడీ లీలండ్ సంచి పట్టుకున్నాడు. అదే ఊపున ఎత్తబోయాడేమో, సంచి ఒంటిచేత్తో గాల్లోకి లేచింది. గ్రాడీ దాన్ని చూశాడు, లీలండ్‌ని చూశాడు, ఆ వెంటనే కాఫీ వైపు చూశాడు. మంచివాడు కాబట్టి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేసి ఉంటేనే బావుండేది.

మాంసం చల్లారాలంటే వీపుసంచిలోంచి బయటికి తియ్యాలి. లీలండ్ విప్పాడు. పైన ఓ చిన్న ముందు జబ్బ ఉంది, ఎముక తీసేసింది. దాని కింద, ఉబ్బుగా కనపడటానికి చుట్టి కుక్కిన తన చలికోటు. దాని కింద నడీన్ కోటు. ఆమె అంత చలిలో చొక్కాతోనే దిగిందని అప్పుడు గాని గమనించలేదు. చట్రం మూట విప్పాల్సిన అవసరమే లేదు, గుడ్డలోంచి తొడ ఎముక పొడుచుకొచ్చి కనిపిస్తూనే ఉంది.

చెవుల దాకా వేడెక్కింది అతనికి. వాగు దగ్గర తను చేతులేసుకుని నిలబడటం గుర్తొచ్చింది. ఆ నిలబడ్డ వాణ్ణి ఎక్కడైనా పాతిపెట్టెయ్యాలనిపించింది.

“ఎందుకిలా చేశావ్?” అన్నాడు మెల్లిగా.

“మోయలేనని నువ్వు చెప్పవు కాబట్టి,” అంది నడీన్, భుజాలు నిమురుకుంటూ. “పైనింకా సగం ఉంది. ఇప్పుడైనా చెప్తావా, మళ్లీ నన్నే మొయ్యమంటావా?”

లీలండ్ గ్రాడీ వైపు తిరిగాడు. ఆ నాలుగడుగులూ అతను ఎలా నడిచాడో అతనికే తెలియాలి.

“గ్రాడీ, నువ్వూ మీవాడూ ఓసారి పైకొస్తారా? నాకు... నా వల్ల కాదు. నడుం బాలేదు.”

“దానికేముందోయ్,” అన్నాడు గ్రాడీ, అప్పటికే బూటు తాడు బిగిస్తూ.

రెండోసారి దిగేటప్పుడు గ్రాడీ, అతని కొడుకూ మిగిలిన తొడా జబ్బా మోశారు. లీలండ్ వీపునున్న అంత పెద్ద కొత్త సంచిలో, గుడ్డలో చుట్టిన గుండెకాయ ఒక్కటే అడుగున అటూ ఇటూ దొర్లుతూ వచ్చింది.

ప్రతి ఏడూ గుండెకాయ ఆర్విడ్‌కే ఇస్తారు. ముసలాయన దాన్ని సన్నగా కోసి వెన్నలో వేయించుకుంటాడు. లీలండ్ తండ్రి ఇంటి ముందు ట్రక్కులో చాలాసేపు కూర్చుని, చివరికి లోపలికెళ్లాడు. సంచి కూడా పట్టుకెళ్లాడు, దాచడానికి మనసొప్పక.

“ఇదేనా కొత్తది?” అన్నాడు ఆర్విడ్, పట్టీ లాగి చూస్తూ. “బాగానే ఉందిరా. ఏం మోశావు?”

“గుండెకాయ.”

“ఇంకా?”

“అంతే నాన్నా.”

ముసలాయన కాసేపు కొడుకు నడుం వైపు చూశాడు. పొయ్యి వెనకాల మేకుకి ఉన్న కాన్వాసు సంచి తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు.

“దీనికిది చాలురా. అంత పెద్ద దాంట్లో దొర్లి నలిగిపోతుంది. వచ్చే ఏడు ఇది పట్టుకెళ్లు.”

“వచ్చే ఏడు నేను... నాన్నా, ఆ రోజు ట్రక్కు దగ్గర నేనన్న మాట...”

“ఏ మాట?” అన్నాడు ఆర్విడ్. గుర్తులేదేమో అనుకుని లీలండ్ తలెత్తాడు. తండ్రి కళ్లు చూసి మళ్లీ దించుకున్నాడు.

“ఉల్లిపాయలు తరుగు,” అన్నాడు ముసలాయన. “కూర్చునే తరుగు. నిలబడి వంగితే నడుం పట్టేస్తుంది.”