బొడ్డు కోసే తొందర

నేను ఒక వార్మర్‌ను. అప్పుడే పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే యంత్రాన్ని. ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో నన్ను బిగించి, లారీ ఎక్కించి, శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, కాన్పుల గదిలో ఓ మూలన నిలబెట్టారు. ప్లగ్గు అక్కడే ఉంది మరి. యంత్రానికి చోటు వెతికేటప్పుడు మనుషులు గోడనే చూస్తారు, బిడ్డ ఎక్కడ పుడుతుందో చూడరు.

నా దగ్గరికి రావాలంటే బొడ్డు తెగాలి. అందుకే బిడ్డ బయటపడడమే ఆలస్యం, నర్సు సుగుణకుమారి క్లిప్పు పెట్టి, కోసేసి, నా దగ్గరికి పరుగెత్తేది. ఆ తొందర బిడ్డ మంచికే అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను.

నూకరత్నం తొలి కాన్పుకు నెలలు నిండకుండానే వచ్చింది. మగబిడ్డ. సన్నగా ఏడ్చాడు. అయినా వెంటనే కోసి తెచ్చి నా కింద పడుకోబెట్టారు. పాలిపోయి ఉన్నాడు. నా వేడంతా వాడి మీదే పోశాను. మధ్యాహ్నానికి పోయాడు. గుడ్డలో చుట్టి తల్లి చేతికిచ్చారు. బతికుండగా ఆమె వాణ్ణి తాకనే లేదు.

మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది, మళ్లీ నెలలు నిండకుండానే. అప్పటికి ఫణిమాల అనే కొత్త డాక్టరమ్మ చేరింది. నొప్పుల మధ్య నూకరత్నం ఆమె చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

“బేగి బొడ్డు కోసీకండమ్మా. కాసేపు నా కాడ ఉండనీండి.”

ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. అలవాటు కొద్దీ సుగుణకుమారి కత్తెర అందుకుంది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. పిల్లను తుడిచి, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, పొడిగుడ్డ కప్పి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా కోయవద్దంది. మాయలో ఇంకా బిడ్డ నెత్తురుందని, అది బిడ్డకే చేరాలని, నెలలు నిండని పిల్లలకు అది మరీ అవసరమని నెమ్మదిగా చెప్పింది. ఏమీ చేయకుండా ఖాళీ చేతులతో నిలబడడం ఆ ఇద్దరికీ ఎంత కష్టమో ఆ రోజు చూశాను.

ఆ తరువాతే పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఎర్రగా ఉంది. చాలా రోజులు నా కిందే ఉంది. ఒకసారి ఊపిరి తీయడం మరిచి అందర్నీ హడలగొట్టింది కూడా. బతికింది.

ఇంటికి వెళ్లే రోజు నూకరత్నం పిల్లను ఒళ్లో పెట్టుకుని అడిగింది.

“మొదటోడికి కూడా ఇలాగే సేసుంటే బతికీవోడేటమ్మా?”

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుంది.

“చెప్పలేనమ్మా. ఆశ మాత్రం ఇంకొంచెం ఉండేది.”

నూకరత్నం తల ఊపింది. ఏడవలేదు. నా ఖాళీ పడక వైపు కాసేపు చూసి, పిల్లను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

గుడ్డలు మడత పెడుతున్న సుగుణకుమారి అంతా విన్నది. వాటిని అక్కడే వదిలేసి నా దగ్గరికి వచ్చింది. వంగి, నా చక్రాలకు పట్టిన తుప్పు గీకి, నూనె వేసింది. పొడవాటి వైరు తెప్పించి, నన్ను కాన్పు మంచం పక్కకు నెట్టింది. బొడ్డు తెగకుండానే బిడ్డ నన్ను అందుకునేంత దగ్గరికి.

వచ్చిన నాటి నుంచీ నాకు చక్రాలున్నాయి.