వంటింటికి తిరిగొచ్చిన కత్తి

రెండు క్యారేజీల్లో పప్పన్నం సర్దుతుంటే వెనక నుంచి మా ఆయన అన్నాడు: "ఉజ్వలను తీసుకుని స్కూలుకు పో. పొరబడ్డానని పిల్లతో చెప్పించు. రెండు ముక్కలేగా, నీకు చదువొచ్చుగా."

ఈ ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకని పేరెంట్స్ మీటింగులు, అప్లికేషన్లు, పెద్దవాళ్ళకు సర్దిచెప్పడాలు అన్నీ నా పనే. సంతకం మాత్రం ఆయనది.

నిన్న మా అమ్మాయి ఉజ్వల, సాయిగణేష్ బ్యాగులో కత్తి చూసి క్లాస్ టీచరుకు చెప్పింది. సాయి మా బావగారి కొడుకు. రాజుపాలెం నుంచి వచ్చి, నరసరావుపేటలో మా దగ్గరే ఉండి టెన్త్ చదువుతున్నాడు. టీచర్లు వెతికేసరికి బ్యాగులో ఏమీ లేదట. సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. "బయటికి పొక్కితే స్కూలు పేరు పోద్దమ్మా. తల్లి చెప్తే పిల్ల వింటది." కత్తి ఎందుకు తెచ్చావని వాణ్ణి ఎవరూ అడగలేదు. ఎందుకు చెప్పావని దీన్ని మాత్రం అందరూ అడిగారు.

కీరదోస కోద్దామని చెయ్యి చాపితే స్టాండులో నా కత్తి ఉంది. ఆదివారం నుంచి కనపడని కత్తి. తొక్కలతో పాటు చెత్తలో పారేశానేమోనని నన్ను నేను తిట్టుకుంటూ, అప్పటి నుంచి మొద్దు కత్తితోనే నెట్టుకొస్తున్నాను. ఇప్పుడది శుభ్రంగా కడిగి ఉంది.

"నేనే పెట్టా," అంది అత్తయ్య. "వాడి పక్కబట్టల కింద దొరికింది. ఏమే, అట్టా చూస్తావేంది? మా రోజుల్లో పోలీసులొస్తే వేటకొడవళ్ళు గాదెలో దూర్చి, దాని ముందు చంటోడికి పాలిస్తా కూర్చున్నా. 'మాకేం తెలవదయ్యా' అన్నా. తల తిప్పుకుని పోయారు. ఆ మాత్రం చెయ్యకపోతే ఇంటి ఆడదేంది?"

ఆ చంటోడు మా ఆయనే. హాల్లో పేపరు చదువుకుంటున్నాడు.

నాకేమీ పాలుపోలేదు. నిజం చెప్తే సాయిని స్కూల్లోంచి తీసేస్తారేమో. మూడు పూటలా వాడికి అన్నం పెడుతున్నది నేనే, వాడూ నా బిడ్డే. అబద్ధం చెప్పిస్తే ఉజ్వల మరెప్పుడూ చూసింది చూసినట్టు చెప్పదు. రేపు దానికే ఏదైనా జరిగితే, నాకైనా చెబుతుందా? ఇందులో ఎవరిని కాపాడితే ఎవరిని పోగొట్టుకుంటానో తెలియడం లేదు.

షూ లేసు కట్టుకుంటున్న సాయి పక్కన కూర్చున్నాను. "ఎందుకురా?"

వాడు తలెత్తలేదు. "బస్టాండు కాడ ఇంటరోళ్ళు కొడతన్నారు పిన్నీ. బాబాయికి చెప్పా. మగపిల్లోడివి, నువ్వూ కొట్టమన్నాడు."

లేచి వెళ్ళి కత్తిని పేపర్లో చుట్టి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

"రెండు ముక్కలు గుర్తున్నాయిగా?" అన్నాడాయన.

"ఉన్నాయండీ."

చేస్తున్నది తప్పో ఒప్పో స్కూలు గేటు దాకా తేలలేదు. గేటు దగ్గర సాయి ఆగిపోయాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను. ఉజ్వల నా కొంగు లాగింది. "అమ్మా, ఏమని చెప్పమంటావు?"

"నువ్వు చూసింది చెప్పు. ఆ కత్తి మన వంటింటిదని నేను చెప్తాను."