కొత్త షాకులు

అరిగిపోయిన సామాను కళ్లబడితే మెకానిక్కు చేతులు ఊరుకోవు. అందులోనూ మత్తయి చేతులు. ఆళ్లగడ్డలో ట్రాక్టర్లు బాగుచేస్తూ తల నెరిసిన మనిషి. పక్కింటి సైకిలు కిర్రుమన్నా నూనెడబ్బా పట్టుకుని లేచే రకం. అలాంటివాడు శనివారం పొద్దున కూతురి కారు ముందుభాగం మీద చెయ్యి వేసి నొక్కాడు. వదలగానే కారు మూతి చివాలున పైకి లేచి ఊగింది. ముందు చక్రాల దగ్గర ఊగు అణిచే షాకులు చచ్చిపోయాయని అక్కడికక్కడే తేల్చేశాడు. ఒక మాట అడిగి కనుక్కోవడమనేది ఆయన ఒంట్లోనే లేదు.

ఆ కారు పాత కాంటెస్సా. చదువు ముగిసినప్పటినుంచీ సుకన్య దాన్ని పావుమైలు పందెం కోసం తయారుచేసుకుంటోంది. నిలబడ్డ చోటునుంచి ఒక్కసారిగా దూకి, నేరుగా పోయి, ఎవరు ముందు గీత దాటితే వాళ్లదే గెలుపు. ఇంజను తండ్రీకూతుళ్లిద్దరూ కలిసి దించారు, ఎక్కించారు. చక్రాల సంగతి, షాకుల సంగతి మాత్రం సుకన్య ఒక్కతే చూసుకుంది. ఆదివారం బనగానపల్లె దగ్గర, ఇంకా తెరవని బైపాసు మీద పందెం. సోమవారం ఆమె కర్నూలు ఆసుపత్రిలో చేరాలి. ఎడమ మోకాలి ఎముకలో పుట్టిన గడ్డ కేన్సరని తేలింది. కాలు మోకాలి పైదాకా తీసేస్తే తప్ప పిల్ల దక్కదన్నారు డాక్టర్లు. ఎడమకాలంటే క్లచ్చు తొక్కే కాలు. ఈ కారును ఆమె పందెంలో పరుగెత్తించేది ఇక ఆ ఒక్క ఆదివారమే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

సుకన్య మాత్రల మత్తులో నిద్రపోతోంది. మత్తయి షాకులు విప్పి, సంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కాడు. అంగడిలో మెత్తనివీ చూపించారు, గట్టివీ చూపించారు. కడుపుతీపి ఉన్న తండ్రి ఏవి ఎంచుకుంటాడు?

"మా పాప పందేనికి పోతాంది అప్పా. బండి ఊగకూడదు, గట్టిగా పట్టుకోవాల" అన్నాడు.

అంగడివాడు తల ఊపాడు. అమ్ముకునేవాడు కాదంటాడా? పాత షాకులను మత్తయి దారిలోనే గుజిరీ అంగడిలో, పాత ఇనుము కుప్ప మీద పడేశాడు. సాయంత్రానికి కొత్తవి బిగించి నొక్కి చూస్తే, మూతి ఒక్కసారి లేచి కదలకుండా నిలబడింది. ఎన్నాళ్లకో ఆయనకు కాస్త సంతోషం కలిగింది. కూతురికి చెప్పలేదు. తనే కనిపెట్టి మురిసిపోతుందనుకున్నాడు, పిచ్చి తండ్రి.

మర్నాడు టైర్లలో గాలి అదీ చూసి పెడతానని ఆయన కారుతో ముందే పోయాడు. సుకన్య మేనమామ జీపులో వెనక వచ్చింది. వస్తూనే కారెక్కి బయలుదేరే గీత దగ్గర నిలబెట్టింది.

జెండా పడింది. పక్క కారు దూకి వెళ్లిపోయింది. కాంటెస్సా ఇంజను గొంతు చించుకుంది, వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కాయి, మూతి మాత్రం లేవలేదు. ఎప్పటికో కదిలి, అవతలి గీత దాటి, వెనక్కి వచ్చింది. సుకన్య కుంటుతూ దిగింది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"షాకులు మార్చినావా నాయనా?"

"కొత్తవేసినా మ్మా. పాతవి సచ్చిండాయి గదా. కాలినొప్పిలో నువ్వు సూసుకోలేదనీ..."

"అవి సావలేదు నాయనా." ఆమె గొంతు పెంచలేదు. "నేనే అట్లాంటివి ఏరుకున్యా. ఎన్ని జతలు ఎక్కించి దించినానో. మూతి బిరీన లేస్తేనే బరువు ఎనక చక్రాల మీద పడేది. అప్పుడే అవి రోడ్డును పట్టేది. లేకుంటే ఆడనే తిరుగుతాండాయ్, సూస్తివి గదా."

మత్తయి తనూ ఒకసారి బానెట్ నొక్కి చూశాడు. బరువు లాగే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేవడం ఆయన చూడనిదా? బలమంతా వెనక్కి పోతుందని పదిమందికి చెప్పినవాడే. కూతురి కారు దగ్గరికి వచ్చేసరికి మెకానిక్కు ఎటో పోయి, భయపడ్డ తండ్రి ఒక్కడే మిగిలాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గుజిరీ అంగడికి ఫోన్ చేశాడు.

"ఇంగ యాడుండాయి అన్నా? లోడు నిన్ననే పంపిస్తిమి. ఈపాటికి కొలిమిలో కరిగిపోయింటాయి" అన్నాడు అవతలివాడు.

"ఇవి ఇప్పేస్తా మ్మా. షాకులు లేకుండానే పో" అన్నాడు మత్తయి, స్పానరు అందుకుంటూ.

"అట్ల పోతే బ్రేకేసినప్పుడు బండి నా మాట ఇనదు. ఉండనీ నాయనా, ఇట్లనే ఇంగోసారి పోతా."

చక్రాలు ఉన్నచోటే తిరగకుండా ఈసారి క్లచ్చు కొంచెం కొంచెంగా వదలాలని చూసింది. మోకాలు ఒప్పుకోలేదు. కారు ఒక్క కుదుపు కుదిపి బయలుదేరే గీత మీదే ఆగిపోయింది. పందెం పెట్టినవాళ్లు జాలిపడి, కాసేపాగి మళ్లీ రమ్మన్నారు. సుకన్యే వద్దంది. తాళంచెవి తీసి తండ్రి చేతిలో పెట్టి, స్టీరింగు ముందునుంచి దిగింది.

నంద్యాలలో మాత్రలు కొనుక్కుని ఆళ్లగడ్డ రోడ్డెక్కారు. మత్తయి నడుపుతున్నాడు. సుకన్య పక్క సీటు వెనక్కి జరుపుకుని కాలు చాపింది. ఏమన్నా అంటుందేమో అని ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు. చెడామడా తిట్టి ఉంటే బతికిపోయేవాడు. బిడ్డ కట్టుకున్న ఆశను తన చేతులతోనే విప్పి పాత ఇనుములో పడేశానని గుండె కోసుకుపోతోంది. రోడ్డు మీద గుంతలు వచ్చాయి, పోయాయి. కారు ఊగలేదు.

"నాయనా."

"చెప్పు మ్మా."

"గుంతల్లో గూడా నొప్పి తెలీడంల్యా. పక్కన కూర్చోని పోయేవాళ్లకు బాగుండాయి ఇవి." కాసేపు కిటికీలోంచి చూసి, "రేపు కర్నూలుకు దీంట్లోనే పోదాం" అంది.

"అట్నే మ్మా" అన్నాడు మత్తయి. ముందు ఇంకో గుంత కనబడితే క్లచ్చు తొక్కి బండి నెమ్మది చేశాడు.