లోతు వైపు

మా నాన్న ఒక్కడే నీళ్లలో ఉండగా ఎవరూ చూడకపోవడం. అన్నిటికన్నా నాకు అదే భయం.

తెల్లవారీ తెల్లవారకుండానే ఆయన వల కర్రతో ఈతకొలను చుట్టూ తిరుగుతున్నాడు. ఆకులు, వెంట్రుకలు, ఎవరిదో తలపిన్ను. ఏళ్ల తరబడి ఇదే పని. మందునీళ్లకు వేళ్ల సందులు తెల్లగా ఒరుసుకుపోయాయి. మొన్నమొన్నటిదాకా మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగిన మనిషి కాదు.

పోయిన వేసవిలో నా కూతురు లోతు వైపు జారిపడింది. ఆయన గట్టు మీదే ఉన్నాడు. కర్ర చాచాడు, అందలేదు. ఈత మాస్టారు దూకి తీశాడు. బిడ్డ దగ్గి, ఏడ్చి, బతికింది. ఆ పూట నాన్న కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే లేచిపోయాడు. మర్నాడు నిక్కరు తొడుక్కుని నీళ్లలో దిగాడు. యాభై దాటిన ఒళ్లు, బొజ్జ, వణికే పిక్కలు.

"పెద్దాయనా, నోరలా బిగిస్తే ఎలా? ఊపిరి నీళ్లలోకి వదలాలి" అని మాస్టారు మొత్తుకునేవాడు.

"ఈ నీళ్లలో ఏమేం తేల్తాయో నీకేం తెలుసయ్యా! రోజూ ఎత్తి పారేసేది నేను."

మాస్టారు పడీపడీ నవ్వాడు. నాన్న మాత్రం పెదాలు బిగించే ఈదేవాడు. సగానికే ఆయాసపడి పక్క గట్టు పట్టుకునేవాడు.

ఇవాళ మాస్టారు ఇంకా రాలేదు. నాన్న కర్ర నా చేతికిచ్చి, చెప్పులు విడిచాడు. బిడ్డ నా ఒళ్లో నిద్రపోతోంది. ఇన్నాళ్లూ నాన్న దగ్గరే ఉన్నాం. మా ఆయనకు వేరే ఊళ్లో పని దొరికింది, ఇవాళే ప్రయాణం.

"ఇక చాలు నాన్నా. పీచులా అయిపోయావు."

"నీ పెళ్లప్పుడూ చిక్కిపోయానని ఇదే ఏడుపు. కర్ర సరిగ్గా పట్టుకో."

"అందకపోతే?"

"ఆ రోజు అందకే కదమ్మా ఇదంతా" అని దిగాడు.

సగం దాటాక చేతులు ఆగిపోయాయి. తల మునిగింది. బిడ్డను హత్తుకుని లేచి నిలబడ్డాను. అంతలో గుప్పున బుడగలు లేచాయి. నోరు తెరిచాడు. చేతులు మళ్లీ బరువుగా లేచి, పడి, లేచి, అవతలి గట్టును పట్టుకున్నాయి. చాలాసేపు అలాగే వేలాడాడు.

పైకెక్కి, గట్టు చుట్టూ మా దగ్గరికొచ్చి, తడి చేత్తో బిడ్డ పాదం నిమిరాడు.

"బయల్దేరండి, బస్సు పోతుంది. రేపు అటునుంచి వెనక్కి కూడా రావాలి నేను."

రేపు గట్టున నేనుండను. మాస్టారు పొద్దెక్కితే గాని రాడు. పొద్దున్నే మీరు ఆ దారిన వెళ్తే, కంచెలోంచి ఒక్కసారి తొంగిచూడండి. వల కర్ర గోడకు ఆనించి ఉంటే, లోతు వైపు గట్టున పట్టీ తెగి తీగతో కట్టిన చెప్పులు కనబడితే, అవి మళ్లీ ఆయన కాళ్లకు ఎక్కేదాకా కాస్త నిలబడండి.