సారలమ్మ విన్నపం

సూపర్‌వైజర్ గదిలోంచి భూమిక బయటికి వచ్చేసరికి మెస్సులో క్యాబేజీ తరుగుతున్న చేతులు ఆగిపోయాయి. టైము పదకొండున్నర. పన్నెండున్నరకి రెండొందల ఎనభై మంది హాస్టల్ అమ్మాయిలు పళ్ళేలు పట్టుకుని వరుస కడతారు. సాంబారు ఇంకా పొంగు రాలేదు. అయినా ఎవరూ కదల్లేదు. ఆ గదిలోకి పిలుపు వచ్చిందంటే మంచికి కాదని అక్కడ అందరికీ తెలుసు.

"ఒకటో తారీఖు నుంచి రావద్దన్నడు," అంది భూమిక.

"ఎందుకంట?" సారలమ్మ కత్తి కింద పెట్టింది.

"నాలుగో నెలనట గదా, గీ గుండిగలు మోస్తే రేపు ఏమన్నయితే ఎవలు జిమ్మేదారని అడిగిండు." భూమిక సారలమ్మ వైపు తిరిగింది. "ఆయనకెట్ల తెల్సింది పెద్దమ్మా?"

యూనివర్సిటీ ఆవరణలో చెట్లు పెద్దవి, రోడ్లు వెడల్పు, సెమినార్ హాళ్ళకి ఏసీలు. ఆడపిల్లల హాస్టల్ వెనకున్న ఈ వంటశాలకి మాత్రం రెండే కిటికీలు. వంటవాళ్ళు యూనివర్సిటీ మనుషులు కారు. రఘువీర్ అనే కాంట్రాక్టర్ మనుషులు. అతని దగ్గర ఏ కాగితం మీదా లేని రూలు ఒకటి ఉంది. కడుపు బయటపడిన నెలలో ఆ ఆడమనిషికి పని పోతుంది. జీతం నెలకి పన్నెండు వేలు. అంతకన్నా ముఖ్యం ఈఎస్ఐ కార్డు. ఆ కార్డు మీదే భూమికకి వారం వారం సూది పడుతోంది. పెళ్ళయి నాలుగేళ్ళు, రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచేలా ఉందని డాక్టరమ్మ చెప్పింది. మొగుడు పరుశురాం తార్నాక మెట్రో కింద ఆటో పెట్టుకుని బేరాల కోసం చూస్తుంటాడు. ఆ ఆటో మీద వచ్చేదాంతో ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కడం కలలో మాట.

ఈ సంగతి మెస్సులో సారలమ్మ ఒక్కదానికే తెలుసు. రెండు నెలల కిందట గిన్నెలు తోమే చోట భూమికే ఆమె చెవిన వేసింది. ఆ రోజు నుంచి తను దగ్గరున్నప్పుడు గుండిగ దించాల్సి వస్తే సారలమ్మ ముందే లేచి రెండో చెవి పట్టుకుంటుంది, "నువ్వు పప్పు కలుపు పో" అని భూమికని పంపేస్తుంది. తన వాటా పెరుగు ఆ పిల్ల గిన్నెలో వేస్తుంది. యాభైకి దగ్గరపడ్డ నడుము సాయంత్రానికి విరిగినట్టుంటుంది. అయినా మౌలాలి బస్సెక్కి కూర్చోగానే ఆ పిల్ల మొహం గుర్తొచ్చి ప్రాణం హాయిగా ఉంటుంది.

సారలమ్మ పేరు మేడారం తల్లి పేరు. ఇరవై ఏళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమన్నారు. "పిలిచేటోనికి తెల్వదా నేనెవలో" అని నవ్వి ఊరుకుంది. మౌలాలిలో ఆమె అద్దెగదికి నాలుగు సందుల అవతల రేకుల కప్పు చర్చి ఉంది. అక్షరాలు దిద్దుకున్నదీ, ఒంటరిగా బతకడం నేర్చుకున్నదీ అక్కడే. మనుషుల్ని నమ్మడం కూడా అక్కడే నేర్చుకుంది.

"నిన్నెవలన్న చూసిన్రా, బిడ్డా?" అని అడిగింది.

అడిగింది భూమికనే. చూపు మాత్రం తెలియకుండానే వాసంతి మీదికి పోయింది. మిగతా ఇద్దరు ఆడవాళ్ళ చూపులూ అటే పోయాయి. మొన్న సోమవారం స్టోర్ రూము వెనక భూమిక వాంతి చేసుకుంటుంటే వాసంతి అటుగా వచ్చింది. వాసంతిని సూపర్‌వైజర్ రోజూ అరగంట ముందు వదిలేస్తున్నాడు. పాలపాకెట్టు మిగిలితే వాసంతి సంచిలోకే పోతుంది. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని ఈ సంగతులన్నీ ఒక్క నిమిషంలో సాక్ష్యాలైపోయాయి.

"నా దిక్కు చూస్తరేంది?" వాసంతి లేచి నిలబడింది. "వాంతి చేసుకుంటే కడుపే అనుకుంటరా? నేను పైత్యమనుకున్న."

"నేనేమన్న అన్ననా నిన్ను?" అంది సారలమ్మ.

"అనలే. చూసినవ్. అక్కా, నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు. నేను చెప్పలే."

"పిల్లల మీద ఒట్లెందుకమ్మా ఉట్టిగ," అంది సారలమ్మ. మాట మెత్తగానే ఉంది, నమ్మకం మాత్రం లేదు. వాసంతి మొహం కందిపోయింది.

భూమిక కళ్ళు తుడుచుకుంది. "మరి నువ్వేమన్న నోరు జారినవా, పెద్దమ్మా?"

"ఛీ! నరమానవునికి చెప్పలే నేను."

ఆ మాట సారలమ్మ గుండె మీద చెయ్యేసుకునే చెప్పింది. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అందులో ఆమెకి ఇసుమంతైనా అనుమానం లేదు.

"సారలమ్మ చెల్లె, ఒకసారి ఇట్ల రామ్మా," అని స్టోర్ రూము గుమ్మంలోంచి పిలుపు వచ్చింది.

సారలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. పిలిచింది సూపర్‌వైజర్ శామ్యూల్. అతను వాళ్ళ చర్చిలో సంఘపెద్ద కూడా. ఆదివారం నాడు అతను ఆమెకి "అన్న", ఆమె అతనికి "చెల్లె". సోమవారం నుంచి శనివారం దాకా అతను "సార్", ఆమె "సారలమ్మ". ఏడేళ్ళుగా ఈ హద్దు ఇద్దరూ దాటలేదు. ఇవాళ గురువారం.

స్టోర్ రూములో బియ్యం బస్తాల మధ్య చిన్న బల్ల ఉంది. దాని మీద ఒక కాగితం, పెన్ను. శామ్యూల్ ఆమెకి స్టూలు కూడా చూపించాడు. సారలమ్మ కూర్చోలేదు.

"భూమిక సంగతి విన్నవు గదా. నాకు మాత్రం సంతోషమా, చెల్లె? టెండరు మళ్ళా వేసే నెల ఇది. కడుపుతోటి ఉన్నామెకు గీడ ఏమన్నయితే రఘువీర్ సార్ ముందుగాల నన్ను పీకేస్తడు. నాకూ ఇద్దరు చదువుకునే పిల్లలున్నరు."

"కాయిదం ఏంది సార్?"

"ఏం లేదు. భూమిక తనంతట తనే పని బంద్ చేస్తనన్నది, గంతే. నువ్వు పెద్దదానివి, సాక్షిగ దస్కతు పెట్టు. రేపు ఎవలన్న లేబరాఫీసు అని తిరిగినా లొల్లి ఉండదు."

"ఆమె అట్ల అనలేదు గదా సార్."

"ఆ పిల్ల మంచికేనమ్మా. రెండు నిలువలేదు, మూడోదన్న నిలవాలె గదా? పెద్ద గిన్నెలు ఎత్తుతున్నది గదా?"

సారలమ్మ చెవులు రిక్కించింది. వాంతి చూసినవాళ్ళకి కడుపు సంగతి తెలియొచ్చు. రెండు నిలవలేదన్న మాట వాసంతికి తెలియదు. ఆ మాట, ఆ వరుసలోనే, ఇంకెక్కడో ఉంది.

"గా సంగతి మీకెవలు చెప్పిన్రు?"

శామ్యూల్ ఏమాత్రం తడుముకోలేదు. జేబులోంచి చిన్న బైబిలు తీసి, అందులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. "దాచుకునేదేమున్నది చెల్లె? ఈ చీటీ నా వంతుకు వచ్చింది. మూడు రోజుల సంది తెల్లారగట్ల దీని మీద మోకాళ్ళూనుతున్న. ప్రభువే నా మనసుల ఈ ఆలోచన పెట్టిండు."

చీటీలో అక్షరాలు పెద్దవిగా, గీత తప్పి, కొండెక్కుతున్నట్టు ఉన్నాయి. సారలమ్మకి వేరే ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. చర్చి గుమ్మం పక్కన ప్రార్థన విన్నపాల పెట్టె ఉంటుంది. ఎవరి కష్టం వాళ్ళు రాసి అందులో వేస్తారు. ఆదివారం కూటం అయ్యాక సంఘపెద్దలు ఆ చీటీలు పంచుకుని ఇళ్ళకి పట్టుకుపోతారు, వారమంతా వాటి మీద ప్రార్థిస్తారు. మొన్న ఆదివారం సారలమ్మ ఒకటి వేసింది. 'మా మెస్సుల చిన్న పిల్ల. నాలుగో నెల. రెండు నిలువలేదు. పెద్ద గిన్నెలు ఎత్తుతున్నది. మూడోది నిలబెట్టు ప్రభువా.' పేరు రాయలేదు. పేరు దేవుడికి తెలుసు కదా అనుకుంది. మెస్సులో పనిచేసే అయిదుగురిలో నలుగురికి నలభై దాటాయన్న లెక్క ఆమెకి అప్పుడు తట్టలేదు. ఆ చీటీ ఎవరి ఇంటికి పోతుందో తెలిసినా అనుమానపడేది కాదు. దేవుడి కోసం రాసిన కాగితాన్ని ఇంకో పనికి వాడే మనిషి ఉంటాడని ఆమె ఊహకే రాలేదు.

"గది నా చీటీ. నాకియ్యి," అంది.

"దేవునికిచ్చింది వాపస్ అడుగుతరా, చెల్లె?"

"దేవునికే ఇచ్చిన. నీకియ్యలే."

శామ్యూల్ నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. చీటీ మళ్ళీ బైబిల్లో పెట్టి, బల్ల మీది కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "నీ మనసు పరేషాన్‌ల ఉన్నది. ప్రార్థన చేసుకుందాం. కళ్ళు మూసుకో."

ఇరవై ఏళ్ళలో ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఇవాళ మూతపడలేదు. శామ్యూల్ తల వంచాడు. "తండ్రీ, ఈ చెల్లెకు మంచి బుద్ధినియ్యి, పెద్దల మాట వినే మనసునియ్యి" అంటున్నాడు. అతని కనురెప్పల కింద తడి కనిపించింది. అతను నటిస్తే ఆమెకి ఇంత భయం వేసేది కాదు. అంత చక్కగా ఏడుస్తూనే ఒక చేత్తో పెన్ను మూత తీసి పెట్టాడు.

సారలమ్మ ప్రార్థన మధ్యలోనే వెనక్కి తిరిగింది. చర్చిలో ఎవరైనా అలా చేస్తే ఆమే కోప్పడేది.

వంటశాలలో అన్నం ఉడుకు పట్టింది. వాసంతి సాంబారు పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. భూమిక ఏమీ పట్టనట్టు క్యాబేజీ తరుగుతోంది. సారలమ్మ ముందు వాసంతి దగ్గరికి వెళ్ళింది.

"తప్పయింది వాసంతీ. నువ్వు కాదు."

వాసంతి గరిటె అందుకుని అటు తిరిగే సాంబారు కలిపింది.

"నేనే, బిడ్డా," అంది సారలమ్మ, భూమిక ముందు నిలబడి.

భూమిక తలెత్తింది. "ఏంది నువ్వే?"

సారలమ్మ చీటీ సంగతి మొత్తం చెప్పింది, ఎక్కడా తగ్గించి చెప్పలేదు. పేరు రాయలేదని చెప్పబోయి, ఆ మాట తనని తాను కాపాడుకోవడానికేనని తోచి మింగేసింది. చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కడుపున పుట్టకపోయినా కూతురిలా చూసుకున్న పిల్ల. ఆ పిల్ల కూడు తన చేత్తోనే తీసినట్టయింది.

"నేను నీకొక్కదానికే చెప్పిన," అంది భూమిక. అరవలేదు. అరిస్తే బాగుండునని సారలమ్మకి అనిపించింది. "మా అమ్మకు గూడ చెప్పలే. పరుశురాం ఎవలకూ చెప్పొద్దంటే, పెద్దమ్మకు చెప్తే ఏమైతది, ఆమె ప్రార్థన చేసే మనిషన్న."

"నీకు మంచిగుండాల్నని రాసిన, బిడ్డా..."

"నా కోసం ఇంక ప్రార్థన చెయ్యకు, పెద్దమ్మా."

చెంప మీద కొట్టినా సారలమ్మ తట్టుకునేది. నీ ఇంటికి రానంటే సరేననొచ్చు. నీతో మాట్లాడనన్నా ఓర్చుకోవచ్చు. దీనికేం చెప్పాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

"సరే," అంది చివరికి.

అప్పటికి శామ్యూల్ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, గొంతు మాత్రం సూపర్‌వైజర్‌ది. "భూమికా, ఒకటో తారీఖు దాక ఎందుకు? ఆప్రాన్ గాడ పెట్టి ఇయ్యాలే పో. సార్‌తోటి ఫోన్‌ల మాట్లాడిన. నడువ్."

భూమిక చేతులు వెనక ముడి దగ్గరికి వెళ్ళాయి. బయట హాలులో అప్పటికే పళ్ళేల చప్పుడు మొదలైంది. పరీక్షలున్న పిల్లలెవరో ముందే వచ్చినట్టున్నారు.

సారలమ్మ తన ముందున్న పెద్ద పొయ్యి ఆపింది. పక్కనున్న రెండోదీ ఆపింది. గుండిగలో ఉడుకు చప్పుడు తగ్గిపోయింది.

"అన్నం ఉడకలే గదా, ఎందుకు బంద్ చేసినవ్?" అన్నాడు శామ్యూల్.

"ఉడకది సార్. ఆ పిల్ల గీడ ఉంటనే ఉడుకుతది."

"నీకేమన్న పిచ్చి లేసిందా, సారలమ్మా? మూడొందల మంది పిల్లలు తినాలె. రఘువీర్ సార్‌కు ఫోన్ చేయమంటవా?"

"చెయ్యి సార్. కాయిదం మీద నేను దస్కతు పెట్టనని గూడ చెప్పు."

చెప్పాక ఆలోచన వచ్చింది. రెండు పొయ్యిలు ఆపితే ఏమవుతుంది? మూడోది, వాసంతి ముందున్న సాంబారు పొయ్యి, వెలుగుతూనే ఉంది. ఇంకో పావుగంటలో ఏజెన్సీ నుంచి వేరే మనుషుల్ని దింపుతారు, పని తనకీ పోతుంది, భూమికకీ పోతుంది. మిగతా ఇద్దరు ఆడవాళ్ళు గోడకి అంటుకుపోయి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. భూమిక ఆప్రాన్ ముడి సగం విప్పి అలాగే నిలబడింది. ఆమె సారలమ్మ వైపు చూడటం లేదు.

వాసంతి చూస్తోంది. సాంబారు తుకతుకా ఉడుకుతోంది. ఆమె చెయ్యి పొయ్యి మర మీద ఉంది. తిప్పలేదు, తియ్యలేదు. శామ్యూల్ వైపొకసారి, సారలమ్మ వైపొకసారి చూసింది. పిల్లల మీద ఒట్టేసినా నమ్మని మనిషి కోసం పని పోగొట్టుకోవాలా అని ఆ చూపు అడుగుతోంది. అడిగే హక్కు ఆమెకుంది. కాదనే హక్కు సారలమ్మకి లేదు.

అలవాటుగా సారలమ్మ నోట్లోకి ప్రార్థన వచ్చింది. భూమికకిచ్చిన మాట గుర్తొచ్చి దాన్ని అక్కడే ఆపేసింది. ఆపేసి, వాసంతి చెయ్యి వైపు చూస్తూ నిలబడింది.